ఇంగ్లండ్, వేల్స్ కాలువల్లో మొదటి నారోబోట్ ట్రిప్: తరచుగా అడిగే ప్రశ్నలు

బ్రిటన్‌లో ఉంటున్న తెలుగు కుటుంబాలకు, వేసవిలో పిల్లల దగ్గరికి వచ్చే అమ్మానాన్నలకు, బోటు అద్దెకు తీసుకుందామని అనుకుంటూ ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక ఆగిపోయినవారికి ఈ పేజీ. సమాధానాలు చాలా ఉన్నాయి కానీ అన్నింటి వెనుకా సలహా ఒకటే: మొదటిసారి తక్కువ దూరం పెట్టుకోండి, తక్కువ లాకులు (నీళ్ళు నింపి, వదిలి బోటును పైకీ కిందికీ చేర్చే తలుపుల గదులు) ఉన్న కాలువ చూసుకోండి.

నారోబోట్ అంటే కేరళ హౌస్‌బోట్ లాంటిదేనా?

కాదు. అలెప్పీలోనో, మన దిండిలోనో హౌస్‌బోట్ ఎక్కితే నడిపేవాళ్ళు, వండిపెట్టేవాళ్ళు బోటుతోనే వస్తారు. కుర్చీ వేసుకుని కొబ్బరిచెట్లు చూడటమే మన పని. ఇక్కడ సరంగూ మీరే, వంటమనిషీ మీరే, లాకుల దగ్గర లస్కరూ మీరే. కంపెనీవాళ్ళు బోటు అప్పగించి, కాసేపు నేర్పించి, గట్టు మీద నిలబడి టాటా చెప్తారు.

బోటు ఉక్కుతో చేసినది. వెడల్పు 6 అడుగుల 10 అంగుళాలే, పొడవు మాత్రం 70 అడుగుల దాకా ఉండొచ్చు. అంత సన్నగా ఉండటానికి కారణం లాకులు. 1760లలో జేమ్స్ బ్రిండ్లీ అనే ఇంజనీరు మధ్య ఇంగ్లండ్‌లో కాలువలు తవ్వించినప్పుడు, ఖర్చూ నీళ్ళూ కలిసొస్తాయని లాకులను సుమారు 7 అడుగుల వెడల్పుతో కట్టించాడు. అప్పట్లో ఈ బోట్లు బొగ్గు, పింగాణీ సామాను మోసేవి. గట్టు మీద గుర్రం నడుస్తూ తాడుతో లాగేది. రైళ్ళు, ఆ తర్వాత లారీలు వచ్చాక సరుకు పోయింది, కాలువలు మిగిలాయి. ఇంగ్లండ్, వేల్స్‌లలో దాదాపు 2,000 మైళ్ళ జలమార్గాలను 2012 నుంచి కెనాల్ అండ్ రివర్ ట్రస్ట్ అనే స్వచ్ఛంద సంస్థ చూసుకుంటోంది.

నడపడానికి లైసెన్స్ కావాలా? ఇండియా నుంచి విజిటర్ వీసా మీద వచ్చిన నాన్నగారు నడపొచ్చా?

అద్దె బోటు నడపడానికి డ్రైవింగ్ లైసెన్స్ గానీ, పడవ లైసెన్స్ గానీ అక్కర్లేదు. బోటుకు ఉండాల్సిన లైసెన్స్, ఇన్సూరెన్స్ కంపెనీయే చూసుకుంటుంది. నాన్నగారు నిరభ్యంతరంగా నడపొచ్చు. పెద్దవాళ్ళు పక్కన ఉంటే పిల్లలు కూడా కాసేపు పట్టుకోవచ్చు. అయితే బుక్ చేసేవారి వయసు గురించి, కుర్రాళ్ళ గుంపుల గురించి చాలా కంపెనీలకు సొంత నిబంధనలు ఉంటాయి. బ్యాచిలర్ పార్టీ అంటే కొందరు అసలు ఇవ్వరు. ఫ్రెండ్స్ అందరూ కలిసి వెళ్తుంటే డబ్బు కట్టకముందే అడగండి.

ఎన్ని రోజులు తీసుకోవాలి?

సాధారణంగా మూడు పద్ధతులు: శుక్రవారం నుంచి సోమవారం దాకా 3 రాత్రులు, సోమవారం నుంచి శుక్రవారం దాకా 4 రాత్రులు, లేదా పూర్తి వారం. మొదటిసారికి 4 రాత్రులు సరిగ్గా సరిపోతాయి. 3 రాత్రుల ట్రిప్‌లో మొదటి మధ్యాహ్నం నేర్చుకోవడానికే అయిపోతుంది, చివరి పొద్దున బోటు అప్పగించడానికి పోతుంది. చేతికి మిగిలేది రెండు రోజులే. వారం కూడా బాగానే ఉంటుంది, కానీ సన్నటి ఇరుకు గదుల్లో వారం రోజులు కలిసి ఉండగలరా అన్నది మీ కుటుంబం గురించి మీకే తెలియాలి.

ఏ కాలువ మంచిది?

అన్నిటికన్నా ముఖ్యమైన ప్రశ్న ఇదే. బోటు రంగు గురించి, వైఫై గురించి ఆలోచించే సమయాన్ని దీనికి పెట్టండి.

లాంగోలెన్ కాలువ: మొదటిసారి వెళ్ళేవారికి నేను ముందు చెప్పే పేరు. వేల్స్ సరిహద్దులో ట్రెవర్, చర్క్ చుట్టుపక్కల నుంచి బోట్లు దొరుకుతాయి. ట్రెవర్ నుంచి లాంగోలెన్ ఊరికి సుమారు 2 గంటలు, మధ్యలో ఒక్క లాకు కూడా లేదు. అటు నుంచి వెనక్కి తిరిగి పాంట్‌కసల్తే అక్విడక్ట్ (కాలువను లోయ మీదుగా దాటించే వంతెన) దాటి, చర్క్ మీదుగా ఎల్స్‌మియర్ దాకా వెళ్తే దారి మొత్తం మీద రెండే లాకులు, న్యూ మార్టన్ దగ్గర. నేర్చుకోవడానికి రెండు లాకులు చాలు. ఒక్కటే ఇబ్బంది, వేసవిలో జనం ఎక్కువ. లాంగోలెన్ దగ్గర కొంత దూరం ఒక్క బోటు పట్టేంత ఇరుకుగా ఉంటుంది. అక్కడ బోటులోంచి ఒకరు దిగి గట్టు మీద ముందు నడిచి, ఎదురుగా ఎవరూ రావడం లేదని చూసి సైగ చేయాలి. పైగా ఈ కాలువలో నీళ్ళు నిలవ ఉండవు. డీ నది నుంచి హర్ల్‌స్టన్ రిజర్వాయర్‌కు తాగునీరు పారుతూ ఉంటుంది. కాబట్టి లాంగోలెన్ వైపు వెళ్ళేటప్పుడు ఎదురు ప్రవాహం తెలుస్తుంది.

మన్‌మత్‌షైర్ అండ్ బ్రెకన్ కాలువ: దక్షిణ వేల్స్ కొండల అంచున, 35 మైళ్ళు, ఆరు లాకులు. మిగతా కాలువలతో కలవదు కాబట్టి రద్దీ తక్కువ. నా దృష్టిలో అందంలో దీనికి సాటి లేదు.

యాష్‌బీ కాలువ: 22 మైళ్ళు, లాకులే లేవు. లెస్టర్, కోవెంట్రీ వైపు ఉన్నవారికి దగ్గర. దృశ్యాలు మామూలే, పొలాలు, గొర్రెలు. లాకులంటే భయం ఉన్నవారికి, మోకాళ్ళ నొప్పులున్న పెద్దవాళ్ళతో వెళ్ళేవారికి బాగుంటుంది.

కెన్నెట్ అండ్ ఏవన్: రీడింగ్, స్లౌ, బ్రిస్టల్ వైపు తెలుగువాళ్ళు ఎక్కువగా అడిగేది. బ్రాడ్‌ఫర్డ్-ఆన్-ఏవన్ ఊరి లాకు దాటాక బాత్ నగరం అంచుదాకా లాకులు లేవు. జాన్ రెన్నీ కట్టిన రెండు రాతి అక్విడక్ట్‌లు దారిలో వస్తాయి. ఇక్కడ గట్టు పొడవునా బోట్లు కట్టేసి ఉంటాయి, వాటి పక్కన మెల్లగా పోవాలి కాబట్టి అనుకున్నదానికన్నా ఆలస్యమవుతుంది. డివైజెస్ వైపు మాత్రం వెళ్ళకండి. అక్కడి కేన్ హిల్‌లో 29 లాకులు ఉన్నాయి.

లీడ్స్ అండ్ లివర్‌పూల్: బింగ్లీ నుంచి స్కిప్టన్ మీదుగా గార్‌గ్రేవ్ దాకా దాదాపు 17 మైళ్ళు లాకులు లేవు. కాకపోతే పక్కకు తిరిగే వంతెనలు బోలెడు. ప్రతిసారీ ఒకరు దిగి తెరవాలి, రోడ్డు మీద కార్లు ఆగి మిమ్మల్నే చూస్తుంటాయి.

రింగ్ రూట్ (చుట్టూ తిరిగి బయలుదేరిన చోటికే వచ్చే దారి) చేయొచ్చా? వెళ్ళిన దారినే తిరిగి రావడం బోర్ కదా?

మొదటిసారి వద్దు. ఫోర్ కౌంటీస్ రింగ్ అంటే 110 మైళ్ళు, 94 లాకులు. వారంలో పూర్తి చేయాలంటే రోజూ పొద్దున్నుంచి సాయంత్రం దాకా పరుగే. రింగ్‌లో సగం దాటాక వెనక్కి తిరగడం కుదరదు, ముందు ఏదైనా లాకు పాడైతే ఇరుక్కుపోతారు. వెళ్ళి తిరిగి వచ్చే దారైతే ఎక్కడ అలసిపోతే అక్కడ బోటు తిప్పుకోవచ్చు. అదే దారి వెనక్కి వస్తుంటే వేరేగా కనిపిస్తుంది కూడా.

రోజుకు ఎంత దూరం పోవచ్చు?

కాలువల మీద వేగ పరిమితి గంటకు 4 మైళ్ళు. నిజానికి ఆ వేగం కూడా రాదు. లెక్క ఇలా వేసుకోండి: మైళ్ళు, లాకులు కలిపి కూడి మూడుతో భాగించండి, గంటలు వస్తాయి. 12 మైళ్ళు, 6 లాకులు అయితే 18, అంటే 6 గంటలు. కొత్తవాళ్ళు దానికి ఇంకో గంట కలుపుకోవాలి. రోజుకు 4 నుంచి 5 గంటల ప్రయాణం మించకుండా ప్లాన్ చేయండి. మోటర్‌వే మీద పావుగంటలో దాటే దూరం ఇక్కడ ఒక రోజు ప్రయాణం. ఇది ముందే ఒప్పుకున్నవాళ్ళకు ట్రిప్ హాయిగా సాగుతుంది, ఒప్పుకోనివాళ్ళు మూడో రోజుకల్లా ఒకరిమీద ఒకరు విసుక్కుంటారు.

ఎంత పెద్ద బోటు తీసుకోవాలి?

ప్రకటనలో 6 బెర్తులు అని ఉంటే అందులో రెండు భోజనాల బల్లను రాత్రిపూట మంచంగా మార్చేవి అయి ఉండొచ్చు. రోజూ పక్క వేయడం, తీయడం చిరాకు. నలుగురు వెళ్తుంటే 6 బెర్తుల బోటు, ఇద్దరు వెళ్తుంటే 4 బెర్తులది తీసుకుంటే ఊపిరాడుతుంది. పొడవు గురించి అంత బెంగ అక్కర్లేదు. 60 అడుగుల బోటు నడపడం 45 అడుగుల బోటు కన్నా పెద్ద కష్టమేమీ కాదు. కాకపోతే వెనక్కి తిప్పడానికి వైండింగ్ హోల్ అనే వెడల్పు చోట్లు ఉంటాయి, మీ బోటు పొడవు అక్కడ పడుతుందో లేదో మ్యాప్‌లో చూసుకోవాలి.

వెనుక భాగం ఎలా ఉందో కూడా చూడండి. క్రూయిజర్ స్టెర్న్ అంటే వెనుక విశాలమైన తెరుచుకున్న డెక్, నలుగురు నిలబడి కబుర్లు చెప్పుకోవచ్చు. సెమీ-ట్రాడ్ అయితే రెండు పక్కలా గోడలు ఉంటాయి, చిన్నపిల్లలు ఉన్నవారికి అది మేలు. ట్రాడిషనల్ స్టెర్న్ చూడటానికి ముచ్చటగా ఉంటుంది కానీ నడిపే మనిషి ఒంటరిగా నిలబడాలి.

ఖర్చు ఎంత?

నలుగురి బోటుకు వారానికి, సీజన్‌ను బట్టి సుమారు 1,000 పౌండ్ల నుంచి 2,000 దాటేదాకా. స్కూలు సెలవుల్లో ధర బాగా పెరుగుతుంది. పిల్లలు ఇంకా బడికి వెళ్ళని కుటుంబాలు మే లేదా సెప్టెంబరు చూసుకుంటే చాలా మిగులుతుంది. ధరతో పాటు ఇవి అడగండి: డీజిల్ కలిపారా లేక వాడినంత కట్టాలా, డ్యామేజ్ డిపాజిట్ ఎంత, కారు పార్కింగ్‌కు డబ్బు తీసుకుంటారా, పరుపుల మీద దుప్పట్లు, తువ్వాళ్ళు ఇస్తారా, కుక్కకు విడిగా కట్టాలా. రెండు కంపెనీల ధరలు పోల్చేటప్పుడు ఇవన్నీ కలిపి చూస్తేనే అసలు తేడా తెలుస్తుంది.

ఏ నెలలో వెళ్ళాలి?

మే, జూన్. పొద్దు రాత్రి 9 దాకా ఉంటుంది, గట్ల మీద పూలు, బాతు పిల్లలు. సెప్టెంబరు కూడా మంచిదే. అద్దె బోట్ల సీజన్ దాదాపు మార్చి నుంచి అక్టోబరు దాకా. చలికాలంలో లాకుల రిపేర్ల కోసం కాలువలు భాగాలుగా మూసేస్తారు. వేసవిలో వానలు లేకపోతే ఇంకో సమస్య: 2025 ఎండాకాలంలో రిజర్వాయర్లలో నీళ్ళు తగ్గి లీడ్స్ అండ్ లివర్‌పూల్ సహా ఉత్తరాన చాలా కాలువలు మూతపడ్డాయి. బుక్ చేసేముందు, మళ్ళీ బయలుదేరే వారం, కెనాల్ అండ్ రివర్ ట్రస్ట్ వెబ్‌సైట్‌లో మూసివేతల పేజీ చూడండి. దారి మూసేస్తే కంపెనీ ఏం చేస్తుందో, డబ్బు వెనక్కి ఇస్తుందో లేక వేరే రేవు నుంచి బోటు ఇస్తుందో ఈమెయిల్‌లో రాయించుకోవడం మంచిది.

బోటు నడపడం కష్టమా?

మొదటి అరగంట కష్టం, తర్వాత అలవాటైపోతుంది. స్టీరింగ్ చక్రం ఉండదు. వెనుక నిలబడి టిల్లర్ అనే చుక్కాని కర్ర పట్టుకోవాలి. కర్రను ఎడమకు తోస్తే బోటు ముక్కు కుడికి తిరుగుతుంది, కుడికి తోస్తే ఎడమకు. కారు అలవాటున్న చేతులు మొదట్లో తికమక పడతాయి. ఇంకో సంగతి, బోటు ముందు నుంచి తిరగదు. దిక్సూచి ముల్లులా మధ్యలో ఇరుసు ఉన్నట్టు తిరుగుతుంది. అందుకే ముక్కు ఎటు పోతోందో చూస్తూనే వెనుక భాగం ఎటు జరుగుతోందో కూడా గమనించాలి.

బ్రేకులు లేవు. ఆగాలంటే రివర్స్ వేయాలి, 15 టన్నులకు పైన బరువు కాబట్టి ఆగడానికి టైం పడుతుంది. రివర్స్‌లో చుక్కాని దాదాపు పని చేయదు. ఎదురు బోటు వస్తే కుడి పక్కకు జరగాలి, రోడ్డు మీదిలా ఎడమకు కాదు. కానీ మరీ గట్టు దగ్గరికి పోతే లోతు లేక బోటు బురదలో కూరుకుంటుంది. మామూలుగా కాలువ మధ్యలోనే పోతూ ఎదురు బోటు దగ్గరపడ్డాక కాస్త జరిగితే చాలు.

గట్టుకు కట్టేసిన బోట్ల పక్కన ఇంజన్‌ను దాదాపు ఐడిల్‌లో పెట్టి పోవాలి. అవి చాలామందికి ఇళ్ళు. మీ అల వాళ్ళు తాడు కట్టడానికి గట్టులో దిగ్గొట్టిన మేకులను పీకేస్తుంది, పొయ్యి మీద టీ ఒలికిపోతుంది. కాలువ మీద కొత్తవాళ్ళను తిట్టే సందర్భాల్లో ఎక్కువ భాగం ఇదే.

లాకులు ఎలా దాటాలి? చూస్తేనే టెన్షన్‌గా ఉంది.

గోదావరి, కృష్ణా డెల్టాల్లో పెరిగినవారికి లాకులు కొత్త కాదు. ధవళేశ్వరం ఆనకట్ట కట్టిన కాలంలోనే ఆర్థర్ కాటన్ కాలువలను పడవలు నడిచేలా తీయించాడు, వాటి మీద లాకులు ఇప్పటికీ కనిపిస్తాయి. ఇక్కడా అదే పద్ధతి. రెండు తలుపుల మధ్య ఒక గది, అందులో నీళ్ళు నింపితే పడవ పైకి, వదిలితే కిందికి. తేడా ఏమిటంటే తెరవాల్సింది మీరే.

బోటుతో పాటు విండ్లాస్ అనే వంకర ఇనుప హ్యాండిల్ ఇస్తారు. తూము తలుపులను ఇక్కడ ప్యాడిల్ అంటారు, ఆ హ్యాండిల్‌తో తిప్పితే అవి పైకి లేస్తాయి.

పైకి వెళ్ళేటప్పుడు: ఖాళీ లాకులోకి బోటు నడిపి, వెనుక ఉన్న కింది తలుపులు మూయండి. కింది ప్యాడిల్స్ మూసి ఉన్నాయో లేదో రెండు పక్కలా చూడండి. తర్వాత పై ప్యాడిల్స్ సగం మాత్రమే తెరవండి. నీళ్ళు ఒక్కసారిగా వస్తే బోటు ముందుకీ వెనక్కీ కొట్టుకుంటుంది. కాస్త నిండాక పూర్తిగా తెరవండి. రెండువైపులా నీటి మట్టం సమానమైతే తలుపు తోయగానే కదులుతుంది. కదలకపోతే మట్టం ఇంకా సమానం కాలేదని అర్థం, బలం చూపించక్కర్లేదు, ఆగండి.

కిందికి వెళ్ళేటప్పుడే అసలు జాగ్రత్త కావాలి. పై తలుపుల కింద లాకు లోపలికి పొడుచుకొచ్చిన రాతి మెట్టు ఒకటి ఉంటుంది, పేరు సిల్. లాకు నిండా నీళ్ళున్నప్పుడు అది కనబడదు. నీళ్ళు దిగుతున్నప్పుడు బోటు వెనుక భాగం దాని మీద ఉండిపోతే, వెనుక పైన, ముందు కింద అయి బోటు మునిగిపోతుంది. లాకు గోడ మీద తెల్ల గీతతో దాని చోటు గుర్తు పెట్టి ఉంటుంది. బోటు వెనుక కొస ఆ గీత దాటి కింది తలుపుల వైపు ఉండాలి, నీళ్ళు దిగుతున్నంతసేపూ నడిపేవాళ్ళు దానినే చూస్తుండాలి. ఫోన్ చూడటం, ఫొటోలు, కబుర్లు అన్నీ తర్వాత. ఏదైనా తేడాగా అనిపిస్తే గట్టిగా అరవండి, పైన ఉన్నవాళ్ళు వెంటనే ప్యాడిల్స్ మూసేయాలి. అందుకే లాకు దగ్గర విండ్లాస్ ఎవరి చేతిలో ఉందో ఎప్పుడూ తెలిసి ఉండాలి. తిప్పాక దాన్ని ఇరుసుకే తగిలించి వదిలేయకండి, పళ్ళ చక్రం జారితే అది గిర్రున తిరిగి చెయ్యి విరగ్గొడుతుంది.

లాకు దగ్గరికి రాగానే ఎదురుగా ఇంకో బోటు వస్తోందా చూడండి. నీళ్ళు వాళ్ళకు అనుకూలంగా ఉంటే ముందు వాళ్ళను రానివ్వడం మర్యాద, ఒక లాకు నీళ్ళూ ఆదా. రద్దీ చోట్ల వాలంటీర్ లాక్ కీపర్లు ఉంటారు. మొదటిసారి అని చెప్పండి, ఓపిగ్గా నేర్పిస్తారు. గ్రిండ్లీ బ్రూక్, ఫాక్స్‌టన్, బింగ్లీల్లో మెట్లలా ఒకదానికొకటి అతుక్కున్న లాకులు ఉన్నాయి. వాటిని మాత్రం కీపర్ లేకుండా మొదలుపెట్టకండి.

పాంట్‌కసల్తే మీద భయం వేస్తుందా?

ఎత్తులంటే భయం ఉన్నవారికి వేస్తుంది. థామస్ టెల్‌ఫర్డ్, విలియం జెస్సప్‌లు కట్టిన ఈ అక్విడక్ట్ 1805లో తెరిచారు. 18 రాతి స్తంభాల మీద ఇనుప తొట్టి, పొడవు 307 మీటర్లు, కింద డీ నది 38 మీటర్ల లోతున. 2009 నుంచి యునెస్కో వారసత్వ స్థలం. ఒక పక్క నడకదారి, దానికి కటకటాలు ఉన్నాయి. రెండో పక్క ఏమీ లేదు. తొట్టి అంచు నీళ్ళకు కాస్త పైన ఆగిపోతుంది, ఆ తర్వాత అంతా గాలే. నడిపేవాళ్ళకు నిజానికి చేయాల్సిన పని తక్కువ, బోటు ఎటూ పోలేదు, ఇనుప తొట్టిలో నెమ్మదిగా పాకుతుంది. పిల్లల్ని లోపల కూర్చోబెట్టండి లేదా చెయ్యి పట్టుకోండి. భయపడేవారు నడకదారిన రావచ్చు, లేదా లోపల కూర్చుని టీ తాగొచ్చు. ఒకసారికి ఒక్క బోటే పడుతుంది కాబట్టి బయలుదేరే ముందు అటు చివర చూడాలి.

రాత్రి ఎక్కడ ఆపుకోవాలి? డబ్బు కట్టాలా?

నడకదారి ఉన్న గట్టు పక్కన, బోర్డు వద్దనని చోట, చాలావరకు ఉచితం. రెండో గట్టు సాధారణంగా ప్రైవేటు. లాకుల ముందు, నీళ్ళ కుళాయి దగ్గర, వంతెన కింద, మలుపులో, వైండింగ్ హోల్ ఎదురుగా కట్టకూడదు. అంచున ఇనుప పట్టీ ఉన్న గట్టుకు కొక్కేలు తగిలించవచ్చు, మట్టి గట్టు అయితే మేకులు సుత్తితో దిగ్గొట్టాలి. ముందొకటి, వెనకొకటి తాడు. పేరున్న ఊళ్ళలో సాయంత్రం 4కల్లా చోట్లు నిండిపోతాయి, లాంగోలెన్ బేసిన్ వేసవిలో మరీను. చీకటి పడ్డాక అద్దె బోటు కదపకూడదు. రాత్రి 8 నుంచి పొద్దున 8 దాకా కట్టేసిన బోటులో ఇంజన్ నడపకూడదు.

వంట ఎలా? అన్నం, పప్పు కుదురుతుందా?

బాగా కుదురుతుంది. గ్యాస్ స్టవ్, అవెన్, చిన్న ఫ్రిజ్, సింకు ఉంటాయి. గ్యాస్ సిలిండర్ బోటు ముందు భాగంలో విడిగా పెడతారు. ఇంటి ప్రెషర్ కుక్కర్ తెచ్చుకోండి, బోటులో ఉండే గిన్నెలు పాస్తాకు సరిపోతాయి కానీ మన వంటకు చాలవు. రైస్ కుక్కర్, మిక్సీ, ఎలక్ట్రిక్ కెటిల్ వదిలేయండి. బ్యాటరీల మీద నడిచే కరెంటుకు అవి బరువు, కొన్ని బోట్లలో పెట్టగానే ఇన్వర్టర్ ఆగిపోతుంది.

కాబట్టి రుబ్బే పని ఇంట్లోనే పూర్తి చేయండి. అల్లంవెల్లుల్లి ముద్ద, కందిపొడి, గోంగూర పచ్చడి, చింతపండు గుజ్జు, దోసె పిండి. కరివేపాకు మాత్రం మర్చిపోకండి, కాలువ పక్క ఊళ్ళలో దొరకదు. పొద్దున ఉప్మా, మధ్యాహ్నం బోటు నడుస్తుండగానే పులిహోర, రాత్రి కట్టేశాక పప్పన్నం. నడుస్తున్నప్పుడు మరుగుతున్న నూనె పెట్టొద్దు. గట్టుకో, వంతెనకో చిన్నగా తగిలినా గిన్నె జారుతుంది.

తాలింపు పెట్టేముందు పక్క కిటికీలు తెరవండి. బోటు పైన, తలుపుల్లో గాలి రంధ్రాలు ఉంటాయి. చలిగా ఉందని వాటికి గుడ్డలు కుక్కడం ప్రాణాంతకం. గ్యాస్, హీటర్ల వల్ల కార్బన్ మోనాక్సైడ్ పేరుకుంటుంది. అలారం ఎక్కడుందో అప్పగించే రోజే చూసుకోండి.

సరుకులకు బెంగ లేదు. ఎల్స్‌మియర్‌లో ఊళ్ళోకి వెళ్ళే చిన్న కాలువ పాయ కొస దగ్గరే టెస్కో ఉంది. ఒక పూట పబ్‌లో తినడానికి పెట్టుకోండి, శాకాహారులకు కూడా ఈ రోజుల్లో ఏదో ఒకటి దొరుకుతుంది.

టాయిలెట్, స్నానం సంగతి?

అడగడానికి మొహమాటపడతారు కానీ పెద్దవాళ్ళు ముందు తెలుసుకోవాలనుకునేది ఇదే. ఫ్లష్ ఉన్న టాయిలెట్టే ఉంటుంది. రెండు రకాలు: బోటు కింద పెద్ద ట్యాంకులోకి పోయేది పంప్-అవుట్, చిన్న డబ్బాలోకి పోయేది కాసెట్. కాసెట్‌ను రెండు మూడు రోజులకోసారి మీరే మోసుకెళ్ళి నిర్ణీత చోట ఖాళీ చేయాలి. కుటుంబంతో వెళ్తే పంప్-అవుట్ ఉన్న బోటే అడగండి. మగ్గు, చెంబు మీరే తెచ్చుకోండి. నీళ్ళు ధారాళంగా వాడితే ట్యాంకు తొందరగా నిండుతుందని మాత్రం అందరికీ చెప్పండి. వైప్స్ అస్సలు వేయకూడదు.

షవర్‌లో వేడినీళ్ళు వస్తాయి. నడిచే ఇంజన్ వేడితోనే నీళ్ళు కాగుతాయి కాబట్టి సాయంత్రం ఆగగానే స్నానాలు చేయడం తెలివైన పని. షవర్ కింద చేరిన నీళ్ళు బయటికి పోవడానికి చాలా బోట్లలో పంపు స్విచ్ నొక్కాలి. నీళ్ళ ట్యాంకును దారిలో ఉన్న కుళాయిల దగ్గర రోజూ లేదా రోజు విడిచి రోజు నింపుకోండి, దానికి తాళంచెవి బోటుతోనే ఇస్తారు.

పిల్లలు, వయసైనవాళ్ళు, ఈత రానివాళ్ళు రావచ్చా?

రావచ్చు. కాలువ మధ్యలో కూడా చాలాచోట్ల లోతు నాలుగైదు అడుగులే, పెద్దవాళ్ళు పడితే నిలబడొచ్చు. లాకులు మాత్రం లోతు, గోడలు జారుడు, అక్కడ ఆ మాట వర్తించదు. లైఫ్‌జాకెట్లు కంపెనీ ఇస్తుంది, పిల్లల బరువులు ముందే చెప్పండి. పిల్లలు డెక్ మీద ఉన్నంతసేపూ వేసే ఉంచండి. ఎవరైనా నీళ్ళలో పడితే నడిపేవాళ్ళు మొదట చేయాల్సింది ఇంజన్‌ను న్యూట్రల్‌లో పెట్టడం, ఆపడం. కింద తిరిగే ప్రొపెల్లర్ అసలు ప్రమాదం.

బోటు గోడకో, ఇంకో బోటుకో తగలబోతుంటే చెయ్యో, కాలో అడ్డం పెట్టడం మన సహజ గుణం. చేయకండి. బోటు రంగు పోతే పోతుంది, అన్ని టన్నుల కింద పాదం పడితే మిగలదు.

అమ్మగారు చీరలో రావచ్చా అని చాలామంది అడుగుతారు. లోపల కూర్చోవడానికి, గట్టు మీద నడవడానికి ఏ బట్టలైనా ఫర్వాలేదు. లాకు తిప్పేవారికి, తాడు పట్టేవారికి మాత్రం పైట, చున్నీ, వేలాడే శాలువా వద్దు. బోటులోకి దిగే మెట్లు నిటారుగా ఉంటాయి, మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళు వెనక్కి తిరిగి నిచ్చెన దిగినట్టు దిగితే తేలిక. కాలువ నీళ్ళు తగిలిన చేతులతో తినొద్దు, ఎలుకల వల్ల వచ్చే లెప్టోస్పైరోసిస్ ప్రమాదం ఉంది. చేతికి గాయం ఉంటే కట్టు కట్టుకోండి.

లాకులు ఉన్న దారికి కనీసం ఇద్దరు చురుకైన పెద్దవాళ్ళు కావాలి. ఇద్దరు వృద్ధులు, ఒక చంటిపిల్ల, ఒక్క అల్లుడు అంటే ఆ అల్లుడికి సెలవు కాదు.

దారిలో చెడిపోతే?

ఇంజన్ శబ్దం మారి, బోటు బరువుగా కదులుతుంటే ప్రొపెల్లర్‌కు ప్లాస్టిక్ సంచో, తాడో చుట్టుకుందని అనుకోండి. వెనుక వీడ్ హ్యాచ్ అనే మూత ఉంటుంది. ఇంజన్ ఆపి, తాళంచెవి తీసి జేబులో పెట్టుకున్నాకే అది తెరవాలి. మూత సరిగా బిగించకుండా ఇంజన్ వేస్తే నీళ్ళు లోపలికి వస్తాయి. బురదలో కూరుకుంటే ముందుకు పోయే ప్రయత్నం మానేసి, అందరూ లోతున్న వైపుకు జరిగి, మెల్లగా రివర్స్ వేయండి. బోటు పైన పొడవాటి గెడ ఉంటుంది, అది దీనికే. మిగతావాటికి కంపెనీ నంబరుకు ఫోన్ చేయండి. కొన్నిచోట్ల సిగ్నల్ ఉండదు, అందుకే దగ్గర్లోని వంతెన నంబరు గుర్తు పెట్టుకుంటూ పోవాలి. ప్రతి వంతెనకూ నంబరు ఉంటుంది, మీరెక్కడున్నారో మెకానిక్‌కు అదే అడ్రసు.

ఏం సర్దుకోవాలి?

గట్టి సూట్‌కేసులు వద్దు, పెట్టుకోవడానికి చోటు ఉండదు. మెత్తటి బ్యాగులు తెచ్చుకోండి. జారని బూట్లు ఒక్కొక్కరికీ రెండు జతలు, రెయిన్‌కోటు (గొడుగు పట్టుకుని చుక్కాని పట్టలేరు), జూన్‌లో కూడా స్వెటర్, టార్చి, తాడు పట్టడానికి పాత గ్లోవ్స్, ఫోన్‌కు కారు ఛార్జర్. ఆ కాలువ మ్యాప్ పుస్తకం ఒకటి కొనండి, ఫోన్ ఆగిపోయిన రోజు అదే దారి చూపిస్తుంది.

చివరి రోజు ఏం చేయాలి?

చాలా కంపెనీలు పొద్దున 9కల్లా బోటు కావాలంటాయి, మధ్యాహ్నానికి ఇంకొకరికి ఇవ్వాలి కదా. అందుకని ముందు రోజు సాయంత్రమే రేవుకు గంట దూరంలోపు ఎక్కడైనా కట్టేయండి. లోపల ఊడ్చి, గిన్నెలు కడిగి, చెత్త తీసేస్తే డిపాజిట్ దగ్గర మాట పడదు. ఎక్కడైనా గీత పడి ఉంటే, ఏదైనా విరిగి ఉంటే వాళ్ళు చూసేలోపే మీరే చెప్పండి. డీజిల్ లెక్క వాళ్ళు రాసేటప్పుడు పక్కనే ఉండి చూసుకోండి.